మంచి డబ్బాలే రిజెక్ట్ అవుతున్నాయా? ముందు లైటు ఆర్పి చూడండి

సమస్య: తోతాపురి మామిడి సీజన్‌లో గుజ్జు డబ్బాల లైను. మూత మీద డేట్ కోడ్ చదివే కెమెరా రాత్రి షిఫ్టులో చక్కగా పనిచేస్తుంది. మధ్యాహ్నం రెండు దాటితే మాత్రం కోడ్ స్పష్టంగా ఉన్న డబ్బాలను కూడా పక్కకు తోసేస్తుంది.

చాలామంది వెంటనే త్రెషోల్డ్ (కోడ్ ఎంత స్పష్టంగా ఉంటే పాస్ చేయాలో చెప్పే హద్దు) సడలిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కోడ్ సగం చెరిగిన డబ్బా కూడా పాసైపోతుంది.

లెన్స్ ముందున్న అద్దం తుడిచారా? గుజ్జు చుక్క ఎండి ఉండొచ్చు. అది బాగుంటే, వెలుతురును బట్టి కెమెరా తనంతట తానే సర్దుకునే ఆటో ఎక్స్‌పోజర్ ఆపి, కెమెరా లైటు ఆర్పి, మిగతా సెట్టింగులు అలాగే ఉంచి ఒక ఫొటో తీయండి. నిమిషం పని. ఫొటో నల్లగా రావాలి. డబ్బా కనిపించిందంటే బయటి వెలుతురు లోపలికి వస్తున్నట్టే.

కారణం: ఈ ఫొటో తీయకుండా చిత్తూరు దగ్గర ఒక యూనిట్లో రెండు రోజులు పోగొట్టుకున్నాను. కేబుల్ మార్చాం, కెమెరా మార్చాం. మూడో రోజు మధ్యాహ్నం లైటు ఆర్పి తీస్తే మూత మీద నెలవంకలా తెల్లటి మెరుపు. తలెత్తి చూస్తే షెడ్డు కప్పులో వెలుతురు కోసం వేసిన ఫైబర్ రేకు. పొద్దు పడమటికి వాలాక ఎండ అందులోంచి సరిగ్గా ఆ మూత మీదే పడుతోంది. నల్ల ఇంకుతో కొట్టిన 8లో ఎడమ అంచు ఆ మెరుపులో కలిసిపోయి, కెమెరాకు 3లా కనిపిస్తోంది.

పరిష్కారం: కెమెరా చుట్టూ లోపల నల్లరంగు వేసిన రేకుతో గూడు కట్టించండి. చాలా చోట్ల దాంతోనే సరిపోతుంది. డబ్బాలు వచ్చిపోయే సందుల్లోంచి ఇంకా ఎండ దూరితే ఎక్స్‌పోజర్ (ఫొటోకు కెమెరా వెలుతురు తీసుకునే సమయం) తగ్గించి, లైటును స్ట్రోబ్‌లో, అంటే ఫొటో తీసే క్షణంలో మాత్రమే మెరిసేలా నడపండి. ఎక్స్‌పోజర్ ఎంతసేపు ఉంటే ఎండ అంతసేపు లోపలికి వస్తుంది. 2 మిల్లీసెకన్లను 0.2 చేస్తే ఎండ పదో వంతుకు పడిపోతుంది. మనకు కావలసిన వెలుగును స్ట్రోబ్ ఆ కాస్త సమయంలోనే గట్టిగా ఇస్తుంది. బెల్ట్ సెకనుకు అర మీటరు వేగంతో వెళ్తుంటే 2 మిల్లీసెకన్లలో డబ్బా 1 మిల్లీమీటరు జరుగుతుంది, అక్షరం అలుక్కుపోతుంది. ఆ ఇబ్బందీ దీంతో తగ్గుతుంది. ఎర్ర లైటు, ఆ ఎరుపును మాత్రమే లోపలికి రానిచ్చే ఫిల్టర్ పెట్టినా మంచిదే. కానీ ఎండలోనూ ఎరుపు ఉంటుంది, ఫిల్టర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

రాత్రిపూట ఫొటో ఫొటోకీ వెలుగు మారుతుంటే షెడ్డు లైట్లను అనుమానించండి. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. దానికీ ఈ గూడే మందు. కెమెరా లోపలి సెన్సర్ పాడవడం చాలా అరుదు, దాని జోలికి చివర్లో వెళ్లండి.

గూడు బిగించాక లైటు ఆర్పి మళ్లీ ఫొటో తీయండి. పొద్దున కాదు, మధ్యాహ్నం మూడింటికి.