తొడ మీద అట్ట, చేతికందే పెన్సిలు

సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానంలో ఎడమ సీట్లో కూర్చుంటే ఎడమ చెయ్యి యోక్ (విమానాన్ని తిప్పే చక్రం) మీద ఉంటుంది, కుడి చెయ్యి థ్రాటిల్ మీద ఉంటుంది. కాళ్లు రెండూ రడ్డర్ పెడల్స్ మీద. ఇంతలో టవర్ నుంచి గాలి, రన్‌వే, క్యూఎన్‌హెచ్ (ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో సెట్ చేసుకోవాల్సిన గాలి ఒత్తిడి అంకె) వరసపెట్టి వచ్చేస్తాయి. రాసుకోవడానికి మిగిలేది కుడి చెయ్యి ఒక్కటే, అదీ కొద్ది సెకన్లే. ఆ కాసేపట్లో పెన్సిలు ఎక్కడుందా అని తల దించి వెతుక్కునే పరిస్థితి రాకూడదు. చూపు బయటే ఉండాలి, చెయ్యి తిన్నగా పెన్సిలు మీదకే పోవాలి. తొడకి కట్టుకునే అట్ట, పెన్సిలు, కాగితం, ఈ ఏర్పాటంతా నేల మీదే అయిపోవాలి, పైకెళ్లాక చేసుకోవడం కుదరదు.

మాది విజయనగరం. ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. సెలవులకి ఇంటికొస్తే రాజాం నుంచి, టెక్కలి నుంచి, చీపురుపల్లి నుంచి పైలట్ కోర్సులో చేరబోయే పిల్లలు అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వస్తుంటారు. భోగాపురం ఎయిర్‌పోర్టు పనులు మొదలయ్యాక, మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్‌నాయుడుగారు 2024లో విమానయాన మంత్రి అయ్యాక ఇలా వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఫీజులడుగుతారు, మెడికల్ గురించి అడుగుతారు, 200 గంటలు ఎన్నాళ్లలో పూర్తవుతాయని అడుగుతారు. ఎలా రాసుకోవాలో మాత్రం అడగరు. అది నేనే కూర్చోబెట్టి చెబుతాను.

ముందు అట్ట సంగతి. దీన్ని నీబోర్డు అంటారు. రెడీమేడ్‌వి దొరుకుతాయి, కొనుక్కోగలిగితే మంచిదే. కానీ మొదట ఒకటి మీ చేత్తో చేసుకోండి. మీ తొడకి ఎంత సైజు సరిపోతుందో, పట్టీ ఎక్కడ నొక్కుతుందో తెలియాలంటే అంతకంటే మంచి దారి లేదు. పరీక్షలకి పట్టుకెళ్లే అట్ట తీసుకుని, ఏ4 కాగితాన్ని మధ్యకి మడిస్తే వచ్చే సైజుకి కోయించండి. మూలలు గుండ్రంగా చేసి, అంచులకి గరుకు కాగితం పట్టండి. గంటస్తంభం దగ్గర టైలరింగ్ సామాన్ల కొట్లో మూడు వేళ్ల వెడల్పు ఎలాస్టిక్కు, వెల్క్రో దొరుకుతాయి. నా పట్టీ కుట్టిన బాబాయి మిషను ఆపి మరీ అడిగాడు.

“ఏటమ్మా, ఇది దేనికి? మోకాలి నొప్పికా?”

“కాదు బాబాయ్, తొడకి కట్టుకుని రాసుకోడానికి. విమానంలో.”

“అయితే కూకుని కొలుద్దాం రా. నిలబడితే ఒక కొలత, కూకుంటే ఇంకో కొలత.”

సరిగ్గా అదే చెయ్యాలి. కూర్చుని కొలిపించుకోవాలి, అదీ మోకాళ్లు కాస్త పైకి ఉండేలా, కాళ్లు ముందుకి చాపుకుని. గంటన్నర కట్టుకుని కూర్చున్నా కాలు తిమ్మిరెక్కకూడదు. అలాగని కుదుపొస్తే పక్కకి తిరిగిపోయేంత వదులుగానూ ఉండకూడదు.

కుడిచేతివాటం వాళ్లు కుడి తొడకి కట్టుకోండి. ఎడమచేతివాటం వాళ్లకి కొంచెం కష్టం. రాసేటప్పుడు యోక్‌ని కుడిచేతికి మార్చుకోవాలి కాబట్టి ఆ మార్పిడి నేల మీదే బాగా సాధన చెయ్యాలి. అట్ట కట్టుకున్నాక, ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందే, యోక్‌ని పూర్తిగా ఎడమకీ కుడికీ తిప్పండి, తర్వాత పొట్టదాకా లాగండి. అట్టకి గానీ, క్లిప్పుకి గానీ, వేలాడే దారానికి గానీ ఎక్కడా తగలకూడదు. డైమండ్ డీఏ40లో యోక్‌కి బదులు కాళ్ల మధ్య స్టిక్ ఉంటుంది, అందులో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. ల్యాండింగ్‌లో ఫ్లేర్ చేస్తుంటే, అంటే నేల తాకబోయే ముందు ముక్కు ఎత్తుతుంటే, స్టిక్ వచ్చి అట్టకి తగిలిందంటే ముక్కు ఎత్తాల్సినంత ఎత్తలేరు. అలాంటి విమానంలో చిన్న అట్ట వాడండి, తొడకి బయటివైపు జరిపి కట్టుకోండి.

అట్టకుండే ఇనప క్లిప్పుని ఒకసారి దిక్సూచి దగ్గరికి తెచ్చి చూడండి. ముల్లు కదిలిందంటే ఆ అట్టని డాష్‌బోర్డు పైన, మాగ్నెటిక్ కంపాస్ దగ్గర ఎప్పుడూ పెట్టకూడదు. అసలు ఆ పైన కాగితమే పెట్టకండి. ఎండలో తెల్ల కాగితం నీడ అద్దంలో పడి, ఎదురుగా వచ్చే విమానాన్ని కనపడనివ్వదు.

ఇక పెన్సిలు. మామూలు చెక్క పెన్సిలు, హెచ్‌బీ గానీ 2బీ గానీ. మనం నేర్చుకునే చిన్న విమానాల్లో క్యాబిన్ ప్రెషరైజ్ చేసి ఉండదు, అంటే లోపలి గాలి ఒత్తిడిని నిలిపి ఉంచే ఏర్పాటు ఉండదు. పైకెళ్లేకొద్దీ బయట ఒత్తిడి తగ్గి, ఇంకు పెన్నులో ఉన్న గాలి వ్యాకోచించి ఇంకుని బయటికి తోస్తుంది. బాల్‌పెన్ను కారకపోయినా, నిటారుగా ఉన్న కాగితం మీద రాస్తే కాసేపటికి ఆగిపోతుంది. రుద్దితే చెరిగిపోయే ఇంకు పెన్నులు ఇంకా ప్రమాదం. ఆ ఇంకు దాదాపు 60 డిగ్రీల వేడికి రంగు పోగొట్టుకుంటుంది. మే నెల ఎండలో ఆపి ఉంచిన విమానంలో డాష్‌బోర్డు మీద కాగితం వదిలేసి టీకి వెళ్లొస్తే, తిరిగొచ్చేసరికి కాగితం తెల్లగా ఉండొచ్చు. పెన్సిలు రాతకి ఈ బాధలేవీ లేవు. ముక్కు మరీ సన్నగా చెక్కకండి, కుదుపుకి విరుగుతుంది. రెండు చివర్లా చెక్కుకుంటే ఒక ముక్కు విరిగినా తిప్పి రాసుకోవచ్చు.

పెన్సిలుకి దారం కట్టి అట్టకి ముడెయ్యండి. దారం జానా బెత్తెడుకి మించకూడదు. జారినా తొడ పక్కనే వేలాడాలి గానీ పెడల్స్ దాకా చేరకూడదు. రెండోది చొక్కా జేబులో లేదా భుజం దగ్గర పెన్ను జేబులో ఉండాలి. వెనక సీట్లో బ్యాగులో ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, బెల్టు పెట్టుకున్నాక దాన్ని అందుకోలేరు.

పెన్సిలు కింద పడిందనుకోండి, వంగకండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. విమానం తిరుగుతుండగా తల వంచి మళ్లీ పైకెత్తితే చెవి లోపలి ద్రవం కదిలి కళ్లు తిరుగుతాయి, విమానం ఎటు వాలుతోందో తెలియదు. వంగేటప్పుడు చెయ్యి తెలియకుండానే యోక్‌ని నొక్కేస్తుంది కూడా. రెండో పెన్సిలు తీసుకోండి. పడినది రడ్డర్ పెడల్స్ వైపు దొర్లిందనిపిస్తే పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్‌కి వెంటనే చెప్పండి. దిగాక అది చేతికి దొరికేదాకా ఆ విమానాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు.

కాగితాన్ని ఖాళీగా పట్టుకెళ్లకండి. ముందే తెలిసినవన్నీ నేల మీదే రాసెయ్యాలి: విమానం రిజిస్ట్రేషను, తేదీ, ఇంధనం ఎంతుంది, ఫ్రీక్వెన్సీలు వాడే వరసలో. తెలియని వాటికి ఖాళీ గళ్లు వదలండి, ఆ గళ్లు ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) చెప్పే వరసలోనే ఉండాలి. క్లియరెన్సులో, అంటే వాళ్లిచ్చే అనుమతిలో, ముందు ఎక్కడిదాకా, తర్వాత ఏ దారిలో, ఏ ఎత్తులో, ఏ ఫ్రీక్వెన్సీ, ఏ స్క్వాక్ (రాడార్‌లో మన విమానాన్ని గుర్తుపట్టే నాలుగంకెల కోడ్) అని వస్తుంది. గళ్లు అదే వరసలో ఉంటే చెవికి పడింది పడినట్టు చెయ్యి నింపుకుంటూ పోతుంది. కింద ఒక మూల 7700, 7600, 7500 అనే స్క్వాక్‌లు శాశ్వతంగా రాసి ఉంచండి: ఎమర్జెన్సీ, రేడియో ఫెయిల్, హైజాక్. పక్కనే ఇంజన్ ఆగితే పట్టుకోవాల్సిన గ్లైడ్ స్పీడు కూడా. 172ఎస్ మోడల్‌కి అది 68 నాట్లు (గంటకి 68 నాటికల్ మైళ్లు). మీ విమానం మాన్యువల్ చూసి మీది రాసుకోండి.

విన్నదంతా రాయకండి, అంకెలు మాత్రమే రాయండి. రన్‌వే 28, లెఫ్ట్ డౌన్‌విండ్ (దిగే ముందు రన్‌వేకి సమాంతరంగా, దిగే దిశకి ఎదురుగా ఎగిరే దారి) జాయినవ్వమన్నారంటే 28 వేసి పక్కన ఎడమవైపు బాణం గీస్తే చాలు. గాలి 240 డిగ్రీలు, 8 నాట్లంటే 24 వేసి ఒక గీత, 8. విమానాల్లో మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ ఫ్రీక్వెన్సీలన్నీ 118 నుంచి 137 మెగాహెర్ట్‌జ్ లోపే ఉంటాయి కాబట్టి ముందున్న 1 వదిలేసినా నష్టం లేదు. స్క్వాక్‌లో 0 నుంచి 7 దాకా అంకెలే వస్తాయి. మీ కాగితం మీద 8 గానీ 9 గానీ పడిందంటే తప్పు విన్నట్టే, మళ్లీ అడగండి. స్క్వాకూ నాలుగంకెలే, క్యూఎన్‌హెచ్ కూడా చాలాసార్లు నాలుగంకెలే. ఒకదాని ముందు ఎస్, ఇంకోదాని ముందు క్యూ వెయ్యకపోతే ఐదు నిమిషాల తర్వాత ఏది ఏదో మీకే తెలియదు.

క్యూఎన్‌హెచ్ అంకె మీద మాత్రం ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టండి. ఒక హెక్టాపాస్కల్ తేడాకి ఎత్తు సుమారు 30 అడుగులు మారుతుంది. మన తీరంలో తుఫానొస్తే ఒత్తిడి ఎలా పడిపోతుందో హుద్‌హుద్, తిత్లీ చూసిన మనకి వేరే చెప్పక్కర్లేదు. వాయుగుండం రోజుల్లో క్యూఎన్‌హెచ్ వెయ్యి కిందకి దిగొచ్చు. చెవికి అలవాటైన అంకె వెయ్యి పైది కాబట్టి 998 అన్నదాన్ని చెయ్యి 1008 అని రాసేస్తుంది. అదే సెట్ చేస్తే ఆల్టిమీటర్ చూపించేదానికంటే మీరు దాదాపు 300 అడుగులు కిందే ఉంటారు. 7కి నడుం మీద అడ్డగీత పెట్టండి, 1కి పెట్టకండి. 0, 6 కలిసిపోకుండా పెద్దగా రాయండి. ఒక వరసకి ఒకటే విషయం.

క్లియరెన్స్ ఆగి ఉన్నప్పుడే రాసుకోవాలి, పార్కింగ్ బ్రేక్ వేసి. ట్యాక్సీ చేస్తుండగా (విమానాన్ని నేల మీద నడుపుతుండగా) ఏటీసీ మొదలుపెడితే “స్టాండ్‌బై” అనండి, వాళ్లేమీ అనుకోరు. ఫైనల్‌లో, అంటే రన్‌వేకి తిన్నగా దిగుతున్నప్పుడు, పెన్సిలు ముట్టుకోకూడదు. అప్పుడు చెప్పే గాలిని చెవితో విని చేత్తో సరిచేసుకోవడమే.

సాధనకి విమానం అక్కర్లేదు. విజయనగరం స్టేషన్‌కి వెళ్లి ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చోండి. అటు హౌరా–చెన్నై లైను, ఇటు బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ లైను, అనౌన్స్‌మెంట్లకి కరువుండదు. తొడకి అట్ట కట్టుకుని ఒక్కొక్కటీ రాయండి: బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ ప్లాట్‌ఫాం, ఎంత ఆలస్యం. ప్రశాంతి అయితే 18463, ఐదంకెలు. పేరు రాయకండి, నంబరూ ప్లాట్‌ఫామూ రాయండి. అదే మాట తెలుగులో, హిందీలో, ఇంగ్లిషులో వస్తుంది. మొదటిసారి రాసుకోండి, రెండోసారి సరిచూసుకోండి, మూడోసారి కాగితం చూస్తూ పైకి చదివి ఒప్పజెప్పండి. ఏటీసీకి రీడ్‌బ్యాక్ ఇవ్వడం (వాళ్లు చెప్పింది తిరిగి ఒప్పజెప్పడం) ఇలాగే. పక్కన గూడ్స్ బండి పోతుంటే ఇంకా మంచిది, ఇంజన్ చప్పుడులో వినడం అలవాటవుతుంది. కొన్నాళ్లయ్యాక కాగితం వైపు చూడకుండా, ఎదురుగా సిగ్నల్ మీద చూపు పెట్టి రాయండి. తర్వాత మెట్టు ఆర్టీసీ బస్సు. రాజాం వెళ్లే బస్సులో వెనక సీట్లో కూర్చుని, ఇంట్లో రికార్డు చేసుకున్న అంకెలు ఇయర్‌ఫోన్‌లో వింటూ రాయండి. ఆ కుదుపులో రాసింది దిగాక చదవగలిగితే ఎండపూట గాలి కుదుపుల్లోనూ చదవగలుగుతారు.

క్రాస్‌కంట్రీ (ఒక చోటు నుంచి దూరంగా ఇంకో చోటికి ఎగరడం) కాగితం కూడా ఇంట్లోనే తయారు చేసి చూడండి. సీపీఎల్‌కి (కమర్షియల్ పైలట్ లైసెన్సుకి) ఒంటరిగా 300 నాటికల్ మైళ్ల క్రాస్‌కంట్రీ చెయ్యాలి, మధ్యలో రెండు వేర్వేరు చోట్ల దిగాలి. అందులో కాగితమే మీకు తోడు. మ్యాపు మీద విజయనగరం నుంచి కళింగపట్నం లైట్‌హౌస్‌కి గీత గీయండి, సుమారు 43 నాటికల్ మైళ్లు. గాలి లేదనుకుని 90 నాట్ల మీద లెక్కకడితే రణస్థలం దగ్గర హైవే 12వ నిమిషానికి, శ్రీకాకుళం పక్కన నాగావళి 20వ నిమిషానికి, వంశధార సముద్రంలో కలిసే చోటు 29వ నిమిషానికి రావాలి. ప్రతి గుర్తుకీ మూడు గళ్లు: రావాల్సిన టైము, వచ్చిన టైము, తేడా. పైన ఉన్నప్పుడు నిమిషాలు మాత్రమే రాస్తే చాలు. తేడా గడిలో వరసగా రెండుసార్లు రెండేసి నిమిషాల ఆలస్యం కనిపించిందంటే ఎదురుగాలి ఉన్నట్టు, ఇంధనం లెక్క మళ్లీ కట్టాలి. ఒక్కో ట్యాంకూ మార్చుకుంటూ వాడే పైపర్‌లాంటి విమానమైతే ట్యాంకు మార్చిన టైము కూడా పక్కనే రాయాలి.

టైమంతా యూటీసీలోనే (ప్రపంచమంతా వాడే ప్రామాణిక టైము). మన టైములోంచి ఐదున్నర గంటలు తీసెయ్యాలి. పొద్దున్న 6:10కి కదిలితే కాగితం మీద 00:40. తెల్లవారి ఐదున్నరకి ముందైతే తేదీ కూడా నిన్నటిదే వెయ్యాలి. ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ నింపేటప్పుడు పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అందుకని చేతి వాచీని యూటీసీకే పెట్టెయ్యమంటాను.

రాత్రి ఫ్లయింగ్‌కి ఎర్ర లైటు వాడితే ఎర్ర పెన్సిలు గీతలు కనపడవు, ముఖ్యమైనవి నల్లగానే రాయండి. ట్యాబ్లెట్ వాడేవాళ్లు వాడుకోవచ్చు గానీ, ఐప్యాడ్‌కి యాపిల్ చెప్పిన పరిమితి 35 డిగ్రీలు. ఎండాకాలం కాక్‌పిట్‌లో వేడెక్కి ఆగిపోతుంది. దాని కింద కాగితం కూడా ఉండాల్సిందే.

దిగి చక్రాలకి చాక్స్ (అడ్డు దిమ్మలు) పెట్టాక సీట్లోంచి లేవకముందే ఒక్క నిమిషం ఆగండి. చాక్స్ ఆన్ టైము, గంటలు లెక్కపెట్టే హాబ్స్ మీటర్ అంకె, మిగిలిన ఇంధనం రాయండి. ఏదైనా తేడాగా అనిపించి ఉంటే, అంటే మ్యాగ్నెటో (ఇంజన్‌లో స్పార్కుకి కరెంటిచ్చే పరికరం) చెక్‌లో ఆర్‌పీఎం ఎక్కువ పడిపోయినా, బ్రేకు ఒకవైపు లాగినా, అది ఎన్ని ఆర్‌పీఎం దగ్గర, ఏ పక్కకి అన్నది కూడా అక్కడే రాయండి. నడుచుకుంటూ ఆఫీసుకి చేరేసరికి ఆ అంకెలు మరిచిపోతారు. ఇంజనీరుకి అంకె కావాలి. ఆ కాగితం చూస్తూ టెక్‌లాగ్ (విమానం రికార్డు పుస్తకం) నింపండి, తర్వాత మీ లాగ్‌బుక్. చివర్లో పెన్సిళ్లు రెండూ ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు తలుపు వెయ్యండి.