మిద్దె మీద చెర్రీ టమాటా: రుచిగల రకాన్ని ఎంచుకోవడం ఎలా?

విజయవాడలో మా మిద్దె మీద మొదటిసారి చెర్రీ టమాటా పెట్టింది ఫిబ్రవరిలో. నర్సరీలో రకం పేరు అడిగితే "చెర్రీ అండీ, అంతే" అన్నారు. మూడు మొక్కలూ ఏపుగా పెరిగి మార్చి చివరికి గుత్తులు గుత్తులుగా పూశాయి. పూసిన పూత పూసినట్టే కాడతో సహా రాలిపోయింది. నిలిచిన నాలుగు కాయలూ చప్పగా, తోలు మందంగా ఉన్నాయి. తప్పు రెండు చోట్ల జరిగింది: కాలం చూడలేదు, రకం తెలుసుకోలేదు.

అందుకే ముందు కాలం సంగతి. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటుతుంటే పుప్పొడి దెబ్బతిని టమాటా పూత నిలవదు. మన దగ్గర ఏప్రిల్ వచ్చేసరికి రాత్రిళ్లు కూడా ఉక్కపోతే. ఇక రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో ఎంత మంచి విత్తనం వేసినా మొక్కకు కష్టమే. ఆగస్టు చివర్లో ట్రేలో విత్తనాలు వేయండి. 25, 30 రోజుల నారును సంచుల్లోకి మార్చండి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు ఉంటాయి కాబట్టి సంచులు గోడ వారగా పెట్టుకుంటే మంచిది. సంక్రాంతికి చేతి నిండా కాయలు వస్తాయి, మార్చి దాకా కోసుకోవచ్చు.

తరువాత, మీ ఇంట్లో వాళ్ల నోటికి ఏం కావాలో తేల్చుకోండి. ఒక పండును సగానికి కోసి గింజల చుట్టూ ఉన్న జిగురును మాత్రం నాలుక మీద పెట్టుకోండి. పులుపు ఎక్కువగా ఉండేది అక్కడే. తరువాత కండ కొరకండి, తీపి తెలుస్తుంది. పిల్లలు చెట్టు దగ్గరే నోట్లో వేసుకోవడానికైతే తీపి రకం కావాలి. పప్పులోకి, పచ్చడిలోకి అయితే పులుపు లేనిదే పని జరగదు. ఒట్టి తీపి పండుతో చేసిన పచ్చడికి గుంటూరు కారం ఎంత వేసినా రుచి రాదు.

ఇక రకాలు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సన్‌గోల్డ్. జపాన్‌కు చెందిన టోకిటా విత్తన కంపెనీ తయారు చేసిన ఎఫ్1 హైబ్రిడ్, అంటే రెండు వేర్వేరు రకాలను కలిపి తీసిన మొదటి తరం సంకరం ఇది. నారింజ రంగు పండు, బాగా తీపి, వెనకాలే ఏదో పండ్ల వాసన. తోలు పల్చన, వాన పడితే పగులుతుంది. అందుకే మబ్బు పట్టగానే పండినవన్నీ కోసేస్తాను. సూపర్ స్వీట్ 100 కూడా హైబ్రిడ్డే. ఎర్రటి చిన్న పండ్లు పొడవాటి గుత్తులుగా వేలాడతాయి, కాపు ఎక్కువ. తీపి ఒక్కటే కాకుండా చిక్కటి రుచి కావాలంటే బ్లాక్ చెర్రీ వేయండి. ముదురు ఊదా రంగు పండు, హైబ్రిడ్ కాదు. ఎల్లో పియర్ చూడటానికి ముద్దుగా ఉంటుంది కానీ రుచి కోసమైతే నేను చెప్పను. మన దేశంలో లూథియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పంజాబ్ రెడ్ చెర్రీ, పసుపు రంగు సోనా చెర్రీ, నారింజ రంగు కేసర్ చెర్రీ విడుదల చేసింది. బాల్కనీలో చోటు తక్కువైతే టైనీ టిమ్ అనే పొట్టి రకం ఉంది. పైన చెప్పిన మొదటి మూడూ మాత్రం తీగలా ఆరడుగులు దాటతాయి, ఊత తప్పదు.

ఒకే రకం మూడు మొక్కలు పెట్టకండి. మూడు రకాలు, ఒక్కోటి ఒక్క మొక్క పెట్టండి. ఒకే మట్టి, ఒకే ఎండలో పెరిగితేనే తేడా నోటికి తెలుస్తుంది.

మొక్కకు 15 అంగుళాల గ్రో బ్యాగ్, రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. మట్టిలో మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలపండి. నారును కింది ఆకులు తీసేసి లోతుగా నాటితే కాండం నుంచి కూడా వేళ్లు వస్తాయి. అసలు టెన్షన్ తెల్లదోమతో. అది మోసుకొచ్చే ఆకుముడత వైరస్‌కు మందు లేదు, సోకిన మొక్కను పీకేయాల్సిందే. నారు దశలో దోమతెర గుడ్డ కప్పండి, పసుపు జిగురు అట్టలు కట్టండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం ఆకుల అడుగున తగిలేలా కొట్టండి.

రకం ఎంత మంచిదైనా నీళ్లు ఎక్కువైతే రుచి పల్చబడుతుంది. కాయ రంగు తిరిగాక కాస్త తగ్గించండి. అలాగని మొక్క వాడిపోయేదాకా ఆపి ఒక్కసారిగా బక్కెట్లు గుమ్మరిస్తే పండ్లు పగులుతాయి.

పండును పూర్తిగా రంగు తిరిగాక సాయంత్రం నాలుగింటికి, ఎండ వేడి ఇంకా ఉండగా కోసి అక్కడే తినండి. వేళ్లకు ఆకుల పచ్చటి పసరు అంటుకుని ఆ వాసన కూడా కలిసివస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే ఆ పరిమళం తగ్గిపోతుంది, బయట గిన్నెలోనే ఉంచండి.

నచ్చింది బ్లాక్ చెర్రీ అయితే బాగా పండిన రెండు పండ్ల గింజలను జిగురుతో సహా గ్లాసులో రెండు రోజులు పులియనిచ్చి, కడిగి, నీడలో ఆరబెట్టండి. హైబ్రిడ్ల గింజలు దాచినా అదే రుచి రాదు, ఏటా కొత్తవి కొనాల్సిందే. పొట్లం మీద రకం పేరు, తేదీ రాసి పెట్టుకోండి, మళ్లీ ఆగస్టులో తీయాలి కదా.