తోతాపురి మామిడి సీజన్‌కు ముందు ట్యాంకు కడిగేవాళ్లకు జాగ్రత్తలు

చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో కాయ రాకముందే వ్యర్థజలాల ట్యాంకులు కడిగిస్తారు. మూత తీసేముందు ఇవి చూసుకోండి.

• లోపల మనిషి పడిపోతే ఇంకొకరు దూకొద్దు. విషవాయువు ఉండే ఇలాంటి చోట రెండో ప్రాణం పోయేది కాపాడబోయినవాడిదే. పైనుంచే లాగండి, 101కి ఫోన్ చేయండి.

• పైనుంచి లాగాలంటే ట్రైపాడ్ (మూడుకాళ్ల స్టాండు), వించ్ (తాడు చుట్టి లాగే యంత్రం) ముందే బిగించి ఉండాలి. తాడు ఫుల్‌బాడీ హార్నెస్ (ఒంటికంతా బిగించే పట్టీలు) వీపు రింగుకే తగిలించండి. నడుముకు కడితే లాగేటప్పుడు మనిషి రెండుగా మడతపడి మూత దగ్గర ఇరుక్కుంటాడు.

• గ్యాస్ మీటరుతో పైన, మధ్యలో, అడుగున చూడండి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గినా, 23.5 దాటినా దిగొద్దు. కుళ్లు గుడ్ల వాసన వచ్చే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో 10) దాటినా అంతే. ఆ వాసన ఆగిపోయిందని ధీమా పడొద్దు. గ్యాస్ ఎక్కువైతే ముక్కే పనిచేయదు. ఇక అగ్గిపుల్ల గీసి చూడటం మరీ ఘోరం, మీథేన్ ఉంటే భగ్గుమంటుంది.

• దిగాక కూడా మీటరు ఒంటిమీదే ఉండాలి. పారతో అడుగు బురద కదిపినప్పుడే అసలు గ్యాస్ లేస్తుంది.

• లోపలికి గాలి కొట్టే బ్లోయర్ మధ్యలో ఆపొద్దు. పొగను బ్లోయర్ పీల్చకుండా జనరేటర్‌ను దూరంగా పెట్టండి.

• లోపలికొచ్చే పైపు వాల్వుకు తాళం. తాళంచెవి దిగేవాడి జేబులో.