పదహారు మాటలు, నాలుగు గుంపులు: కనెక్షన్స్ పజిల్‌ను ఎలా విప్పాలి?

రాత్రి పన్నెండు దాటగానే కొత్త పజిల్ వచ్చేస్తుంది. పదహారు గడులు, గడికో మాట. ఏదో ఒక సంబంధం ఉన్న నాలుగు మాటల్ని ఏరి ఒక గుంపు కట్టాలి. అలా నాలుగు గుంపులూ కడితే గెలిచినట్టు. న్యూయార్క్ టైమ్స్ వాళ్లు 2023 జూన్‌లో మొదలుపెట్టిన ఈ కనెక్షన్స్ ఆటను ఫోన్‌లో ఆడుకోవచ్చు. మాటల్ని ఇలా గుంపులు కట్టే పద్ధతి అంతకుముందే ఉంది. 2008లో బ్రిటన్‌లో మొదలైన ఓన్లీ కనెక్ట్ అనే టీవీ క్విజ్‌లో ఇలాంటి పదహారు గడుల గోడే ఉంటుంది.

తప్పులకు ఒక లెక్క ఉంది. నాలుగో తప్పుతో ఆట అయిపోతుంది. గుంపు సరిగ్గా కట్టాక దాని రంగు బయటపడుతుంది. పసుపు తేలిక, ఆ తర్వాత ఆకుపచ్చ, నీలం, అన్నిటికన్నా మెలిక ఉన్నది ఊదా.

నాకు ఈ ఆట నేర్పింది మా అక్క కొడుకు. ఒంగోలులో ఇంటర్ చదువుతున్నాడు. సెలవులకు నెల్లూరు వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని, నేను టకటకా నొక్కుతుంటే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "ఏంది పిన్నీ ఆ తొందర? ఆ గుంపులో ఇమిడే ఐదో మాట ఉందేమో చూడు ముందు" అనేవాడు. ఇన్నాళ్లు ఆడాక నాకూ అదే మాట నిజమనిపిస్తోంది. ఈ ఆటలో కనిపించిన గుంపును వెంటనే నొక్కకుండా ఆగడం సగం పని.

ఆట ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి కిటుకు తెలుగులోనే చూపిస్తాను. మా ఇంట్లో ఆడుకోవడానికి నేను కట్టిన పజిల్ ఇది. కిందికి చదివేముందు ఐదు నిమిషాలు మీరే ప్రయత్నించండి.

వెంకటగిరి – కాలువ – నీలం – గండికోట
తలపు – ఉదయగిరి – ధర్మవరం – సువర్ణరేఖ
చంద్రగిరి – బంగినపల్లి – గోరువంక – ఉప్పాడ
కొండవీడు – మంగళగిరి – వేలుపు – తోతాపురి

1. ముందు పదహారూ చదవండి, ఏదీ నొక్కొద్దు

పైకి చదివితే ఇంకా మంచిది. కంటికి తట్టనిది చెవికి తడుతుంది. ఊదా గుంపుల్లో చాలాసార్లు మాట అర్థంతో పని ఉండదు. అక్షరాలతోనో, పలికే తీరుతోనో పని.

2. కొట్టొచ్చినట్టు కనిపించే గుంపును అనుమానించండి

పై గడుల్లో నాలుగు గిరులున్నాయి. వెంకటగిరి, ఉదయగిరి, చంద్రగిరి, మంగళగిరి. లెక్క సరిగ్గా నాలుగే. ఎవరికైనా చెయ్యి అటే పోతుంది. కానీ ఆ నాలుగూ తీసేస్తే మిగిలేవాటిని చూడండి. ధర్మవరం, ఉప్పాడ, గండికోట, కొండవీడు, బంగినపల్లి. వీటికి చెప్పుకోవడానికి "ఊళ్లు" అనే పేరు తప్ప ఏమీ లేదు, పైగా ఐదున్నాయి. మరీ వదులుగా ఉన్న పేరుతో గుంపు కట్టాల్సి వస్తోందంటే దారి తప్పామన్నమాటే. పజిల్ కట్టేవాళ్లు "ఊళ్లు" అని ఊరుకోరు. చీరలు నేసే ఊళ్లు, కోటలున్న ఊళ్లు అని ఇంకో మెట్టు దిగుతారు.

మా వదిన పుట్టిల్లు వెంకటగిరి. ఆమెకు గిరులు కనపడనే లేదు. వెంకటగిరి అనగానే చీర, పక్కనే ధర్మవరం, ఉప్పాడ, మంగళగిరి అని నాలుగూ ఒక్క గుక్కలో చెప్పేసింది. మనం పుట్టి పెరిగిన చోటే మనకు ఏది ముందు కనపడాలో నిర్ణయిస్తుంది. అమెరికా వాళ్లకు బేస్‌బాల్ మాట చప్పున తట్టేది అందుకే, మనకు తట్టనిదీ అందుకే. అందులో తెలివి తక్కువతనం ఏమీ లేదు.

బంగినపల్లిని కాసేపు పక్కన పెడితే, చీరలు పోయాక ఊళ్లలో ఉదయగిరి, చంద్రగిరి, గండికోట, కొండవీడు మిగిలాయి. నాలుగూ కోటలే.

3. రెండు అర్థాల మాటలను పక్కన పెట్టండి

ఈ ఆటకు ప్రాణం ఇలాంటి మాటలే. ఇంగ్లీషులో బ్యాట్ అంటే క్రికెట్ బ్యాటూ అవుతుంది, గబ్బిలమూ అవుతుంది. మన దగ్గర కావలి ఊరి పేరు, కాపలా కూడా. సంగం పెన్న ఒడ్డున ఊరు, నదులు కలిసే చోటు కూడా. పాలేరు ప్రకాశం జిల్లాలో పారే ఏరు, పొలం పని చేసే మనిషి కూడా. ఇలాంటి మాటను ముందే ఒక గుంపులో బిగించేస్తే దాని రెండో అర్థం ఇక మనకు కనపడదు. పక్కన కాగితం పెట్టుకుని రెండు అర్థాలూ రాసుకోండి.

పై పజిల్‌లో నీలం రంగు కావచ్చు, రత్నం కావచ్చు. సువర్ణరేఖ జార్ఖండ్, ఒడిశాల మీదుగా పారే నది. దాన్ని నది అనుకుంటే కాలువ జతపడుతుంది. గోరువంకలోని వంక కూడా వచ్చి చేరుతుంది. మూడు నీళ్లు దొరికాయి. నాలుగోది? ఎంత వెతికినా లేదు. మూడు దగ్గర ఆగిపోయిన ఆలోచనను లాగి లాగి నాలుగు చేయబోకండి, వదిలేయండి.

4. ఒక్క చోటే ఇమిడే మాటతో మొదలుపెట్టండి

తోతాపురి విన్నాక మామిడికాయ తప్ప ఇంకేం గుర్తొస్తుంది? ఈ మాటకు వేరే దారి లేదు. దాన్ని పట్టుకుని అడగండి: ఇంకా ఏ మామిళ్లున్నాయి? బంగినపల్లి ఊరి పేరైనా ముందు పండే గుర్తొస్తుంది. నీలం వేసవి చివర్లో వచ్చే కాయ. సువర్ణరేఖ కూడా మామిడే. ఉలవపాడు తోటల దారిన పోయే మనకు ఇది సులువే. ఒకే అర్థం ఉన్న మాట గట్టి గుంజలాంటిది, మిగతావాటిని దానికి కట్టుకోవచ్చు. నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ ఆటలు గెలిపించిన పద్ధతి ఇదే.

5. మిగిలిన నాలుగింటిని అక్షరాలుగా చూడండి

కాలువ, తలపు, గోరువంక, వేలుపు. నీళ్లు, ఆలోచన, పిట్ట, దేవుడు. అర్థంలో ఎక్కడా పొంతన లేదు. ఇప్పుడు మొదటి రెండక్షరాలు మాత్రమే చదవండి. కాలు, తల, గోరు, వేలు. అన్నీ ఒంట్లో భాగాలు. ఇదే ఊదా గుంపు.

ఇంగ్లీషు పజిల్‌లో ఊదా రంగుకు ఇంకో అలవాటు కూడా ఉంది. ప్రతి మాట వెనకా ఒకే మాట అతకడం. బటర్, డ్రాగన్, హౌస్, ఫైర్ అని నాలుగు కనపడితే తలబాదుకోనక్కర్లేదు, ఫ్లై తగిలించి చూడండి. ఒకేలా పలికి వేరుగా రాసే మాటలూ వస్తుంటాయి. మూడు గుంపులు కట్టేస్తే నాలుగోది ఎటూ మిగిలిపోతుంది కాబట్టి ఊదా గురించి టెన్షన్ పడొద్దు. కానీ నొక్కే ముందు సంబంధం ఏమిటో ఊహించండి. అలా ఊహిస్తూ పోతే నెల తిరిగేసరికి వాళ్ల వరస మీకు పట్టుబడుతుంది.

6. తప్పు పోయినప్పుడు ఆట ఏం చెప్పిందో వినండి

నాలుగింట్లో మూడు సరైనవైతే, ఒక్కటే తేడా అని ఆట చెబుతుంది. అప్పుడు ఆ గుంపును పారేయొద్దు. నాలుగింట్లో దేనికి వేరే చోటు ఉందో చూసి దాన్నే మార్చండి. ఏమీ చెప్పకుండా ఊరుకుందంటే అది కూడా కబురే. ఏ గుంపుకు చెందినవీ అందులో రెండుకు మించి లేవని అర్థం. గిరులు నాలుగూ నొక్కి ఉంటే ఇదే జరిగేది, రెండు చీరలు, రెండు కోటలు. మార్చాల్సింది ఒక మాట కాదు, ఆలోచనే.

ఎటూ తోచకపోతే మాటల చోట్లు తారుమారు చేసే షఫుల్ బటన్ నొక్కండి. పక్కపక్కన ఉన్న మాటల్ని కన్ను తనంతట తానే జతకట్టేస్తుంది. పజిల్ కట్టేవాళ్లు వాటిని అలా పేర్చేది కొన్నిసార్లు మనల్ని తప్పుదారి పట్టించడానికే. చోట్లు మారితే ఆ జత విడిపోతుంది.

తెలియని ఇంగ్లీషు మాట వస్తే డిక్షనరీ చూడటం నా లెక్కలో తప్పు కాదు. పుట్టుకతో ఆ భాష వచ్చినవాళ్లకు ఉన్న సౌకర్యం మనం తెచ్చుకుంటున్నామంతే. జవాబు చూడటం మాత్రం వేరే సంగతి, ఆ రోజు ఆట అక్కడితో పోయినట్టే.

మీరే ఒకటి కట్టి చూడండి

నాలుగు పజిల్స్ మీరే కడితే నలభై ఆడినంత నేర్చుకుంటారు. మేము మార్కాపురం పలక మీద గళ్లు గీసి బలపంతో రాస్తాం. పిల్లలు చుట్టూ చేరతారు, తప్పు పోతే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. గుంపుల కన్నా ముందు గిరుల్లాంటి ఉచ్చును ఆలోచించుకోండి. తర్వాత ఆ నాలుగు మాటల్ని వేరు వేరు గుంపుల్లోకి పంచండి.

కట్టాక ఇంట్లో ఒకరికి ఇచ్చి చూడాలి, ఇది వదలొద్దు. పై పజిల్‌లో మొదట కొండవీడు లేదు, కోటల్లో గద్వాల పెట్టాను. వదిన పలక చేతిలోకి తీసుకుని, "గద్వాల చీరలు కూడా ఉన్నాయిగా. మా వెంకటగిరిలో రాజావారి కోటా ఉందే" అంది. నిజమే. గద్వాలను చీరల్లోకి, వెంకటగిరిని కోటల్లోకి మార్చినా లెక్క సరిపోతోంది. అంటే పజిల్‌కు రెండు జవాబులు. ఆడేవాళ్లు ఏది చెప్పినా మనం తప్పనలేం. గద్వాల తుడిచేసి ఆ గడిలో కొండవీడు రాశాను.