స్పానిష్‌లో ‘ఆ’లు రెండు

మా అనంతపురంలో స్పానిష్ వినబడటం కొత్తేం కాదు, 1969లో ఇక్కడికొచ్చిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ పనులు చూడ్డానికి స్పెయిన్ నుంచి జనం వస్తుంటారు. అలా వచ్చిన ఒకావిడతో టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని బజ్జీ తింటున్నప్పుడు, ఆమె భుజానికున్న బ్యాగు జిప్పు తెరుచుకుని ఉందని చెప్దామని ‘అకెల్ బోల్సో’ (ఆ బ్యాగు) అన్నా. ఆవిడ పాపం వెనక్కి తిరిగి రోడ్డవతలంతా చూసింది!

తప్పు నాదే. మనకు ‘ఈ’, ‘ఆ’ చాలు. వాళ్లకు మూడున్నాయి: ఎస్తె, ఎసె, అకెల్. మనం ‘ఆ’ అనగానే అకెల్ అనేస్తాం, అక్కడే దెబ్బ తింటాం.

దూరం అడుగుల్లో కొలవొద్దు, ఎవరి దగ్గరుందో చూడండి. టీ కొట్టు దగ్గర మీరు, మీ స్నేహితుడు నిలబడ్డారనుకోండి. మీ చేతిలో గ్లాసు ‘ఎస్తె వాసో’. అతని చేతిలోది, జానెడు దూరంలో ఉన్నా సరే, ‘ఎసె వాసో’. ఇద్దరికీ అందకుండా లోపల పొయ్యి పక్కనున్నది ‘అకెల్ వాసో’, అంటే మన ‘అల్లంత దూరాన’ ఉన్నది. లాటిన్ అమెరికాలో మాటల్లో అకెల్ తక్కువే, దూరంగా ఉన్నదాన్ని కూడా ఎసెతో కానిచ్చేస్తారు.

స్త్రీలింగమైతే ఎస్తా, ఎసా, అకెయ్యా. బహువచనంలో ఎస్తోస్, ఎసోస్, అకెయ్యోస్, స్త్రీలింగానికి ఎస్తాస్, ఎసాస్, అకెయ్యాస్. చాలామంది పుంలింగం కదా అని ‘ఎస్తో వాసో’ అంటారు, అది తప్పు. ఎస్తో పక్కన నామవాచకం రాదు. పేరు తెలియనిదాన్నో, జరిగిన విషయాన్నో చూపించడానికే అది. ‘కే ఎస్ ఎస్తో?’ అంటే ‘ఇదేంటి?’. ఎసో కూడా అంతే, ‘పోర్ ఎసో’ అంటే అచ్చంగా మన ‘అందుకే’.

కాలానికీ ఇదే లెక్క. చిన్నప్పటి రోజులు అకెయ్యోస్ దీయాస్, ‘ఆ రోజులే వేరు’ అంటామే, ఆ ‘ఆ’. పాత పుస్తకాల్లో ఎస్తె మొదటి అక్షరం మీద గీత కనబడితే కంగారుపడొద్దు, గీత అక్కర్లేదని స్పానిష్ అకాడమీ 2010లోనే చెప్పింది.

ఇంకొక్కటి. నీళ్లకు ముందు, పుంలింగానికి పెట్టే ‘ఎల్’ పెట్టి ‘ఎల్ ఆగ్వా’ అంటారు కాబట్టి పుంలింగం అనుకుని ‘ఎస్తె ఆగ్వా’ అనకండి. ఆగ్వా స్త్రీలింగమే, ‘ఎస్తా ఆగ్వా’ అనాలి. స్పెయిన్ వాళ్లే బోలెడంత మంది తప్పు పలుకుతారు, కాబట్టి టెన్షన్ వద్దు.