విండోస్ మళ్లీ వేసిన తరవాత పాత ఫైళ్లు తెరుచుకోకపోతే

కంప్యూటర్‌లో విండోస్‌ను మళ్లీ వేసిన తరవాత డి డ్రైవ్‌లోనో, పాత హార్డ్ డిస్క్‌లోనో ఉన్న సొంత ఫోల్డర్‌ను తెరవబోతే అనుమతి లేదన్న సందేశం వస్తుంది. పాత పేరు, పాత పాస్‌వర్డ్ పెట్టుకున్నా ఇలాగే జరుగుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్ మీద అనుమతులు పేరు మీద ఉండవు. ప్రతి ఖాతాకు విండోస్ కేటాయించే ఎస్ఐడీ అనే పొడవాటి గుర్తింపు సంఖ్య మీద ఉంటాయి. కొత్తగా తెరిచిన ఖాతాకు కొత్త సంఖ్య వస్తుంది, ఫోల్డర్‌లో మాత్రం పాత సంఖ్యే నమోదై ఉంటుంది. అంటే ఫైళ్లు ఎక్కడికీ పోలేదు.

అయినా తొందరపడి ఏదీ మార్చవద్దు. అడ్డుపడుతున్నది అనుమతా, ఎన్‌క్రిప్షనా (కీ లేకుండా చదవలేని రూపంలోకి ఫైళ్లను మార్చడం) అన్నది ముందుగా తేల్చుకోవాలి. డ్రైవ్ మొత్తం తాళం వేసి ఉండి రికవరీ కీ అడుగుతుంటే అది బిట్‌లాకర్, అంటే డ్రైవ్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం. ఆ 48 అంకెల కీ చాలా సందర్భాల్లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే భద్రపరచి ఉంటుంది. ఆఫీసు కంప్యూటర్ అయితే ఐటీ విభాగాన్ని అడగాలి. ఫైళ్ల మీద చిన్న తాళం గుర్తు ఉన్నా, పేర్లు ఆకుపచ్చ రంగులో కనిపించినా అది విడివిడి ఫైళ్లకు విండోస్ చేసే ఈఎఫ్ఎస్ ఎన్‌క్రిప్షన్. అలాంటి ఫైళ్లు యజమానిని మార్చినంత మాత్రాన తెరుచుకోవు. మునుపు దాచుకున్న పీఎఫ్ఎక్స్ సర్టిఫికెట్ (ఆ ఎన్‌క్రిప్షన్ కీ ఉండే ఫైలు) ఉంటే దాన్ని కొత్త విండోస్‌లో ఇంపోర్ట్ చేయాలి. అది లేకపోయినా పాత సి డ్రైవ్‌లోని యూజర్ ఫోల్డర్ చెరిగిపోకుండా ఉండి, పాత పాస్‌వర్డ్ గుర్తుంటే, నిపుణులు కొన్నిసార్లు తెరవగలుగుతారు. రెండూ లేనప్పుడు, తప్పకుండా తెరిచిస్తామని ముందే డబ్బు అడిగేవారిని దయచేసి నమ్మవద్దు.

ఎన్‌క్రిప్షన్ లేదని తేలితే పని సులువే. డిస్క్‌ను ఫార్మాట్ చేయకుండా విండోస్ వేసి ఉంటే, సి డ్రైవ్‌లోని 'విండోస్ డాట్ ఓల్డ్' ఫోల్డర్‌లో 'యూజర్స్' కింద మీ పాత డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ అన్నీ ఉంటాయి. విండోస్ ఈ ఫోల్డర్‌ను కొన్నాళ్లకు తనంతట తానే తొలగిస్తుంది, అప్‌గ్రేడ్ చేసినప్పుడైతే సాధారణంగా 10 రోజులకే, కనుక ఆలస్యం చేయవద్దు.

అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న ఖాతాతో ఫోల్డర్‌ను తెరిచి, విండోస్ చూపించే 'కంటిన్యూ' నొక్కండి. చాలాసార్లు ఇంతటితోనే తెరుచుకుంటుంది. అప్పటికీ తెరుచుకోకపోతే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్', అందులో 'సెక్యూరిటీ', ఆ తరవాత 'అడ్వాన్స్‌డ్' ఎంచుకోండి. పైన 'ఓనర్' పక్కనున్న 'ఛేంజ్' నొక్కి, మీ ప్రస్తుత ఖాతా పేరు రాసి, 'చెక్ నేమ్స్'తో సరిచూసుకోండి. లోపలి ఫోల్డర్లకూ ఫైళ్లకూ యజమానిని మార్చమనే గడిలో టిక్ పెట్టి 'అప్లై' చేయండి. యజమాని అయినంత మాత్రాన చదివే హక్కు రాదు. కాబట్టి ఆ కిటికీని మూసి, మళ్లీ తెరిచి, 'యాడ్' ద్వారా అదే ఖాతాకు 'ఫుల్ కంట్రోల్' ఇవ్వాలి. ఫోటోలు వేలల్లో ఉంటే ఇందుకు చాలా సమయం పడుతుంది, మధ్యలో ఆపవద్దు.

ఈ మార్పును మీ సొంత ఫోల్డర్‌కే పరిమితం చేయండి. సి డ్రైవ్ మొత్తానికో, విండోస్ ఫోల్డర్‌కో చేస్తే సిస్టమ్ ఫైళ్ల రక్షణ దెబ్బతిని, మళ్లీ విండోస్ వేయాల్సిన పరిస్థితి రావచ్చు.

తెరుచుకున్న ఫైళ్లను కొత్త 'డాక్యుమెంట్స్'లోకి కట్ చేయకుండా కాపీ చేయండి. కాపీ చేసిన ఫైలుకు కొత్త ఫోల్డర్ అనుమతులు వస్తాయి. అదే డ్రైవ్‌లో కట్ చేసి పెడితే పాత అనుమతులు వెంట రావచ్చు. కాపీ అయినవాటిలో కొన్ని ఫోటోలు, పత్రాలు నిజంగా తెరిచి చూసుకున్నాకే పాత ఫోల్డర్‌ను తొలగించండి.