హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌ను యాక్టివ్ స్పీకర్లకు ప్రీయాంప్‌గా వాడుకునే విధానం

హనుమకొండ, కాజీపేటల్లో అద్దె గదుల్లో ఉంటూ చదువుకునేవారు, ఇంటి నుంచే ఉద్యోగం చేసేవారు సంగీతం మీది ఇష్టంతో చాలాసార్లు మొదట కొనేది ఒక మంచి హెడ్‌ఫోన్, దాన్ని నడిపే చిన్న యాంప్లిఫయర్. కొంతకాలానికి అదే బల్ల మీదికి ఒక జత యాక్టివ్ స్పీకర్లు (సొంత యాంప్లిఫయర్ లోపలే ఉన్నవి) వచ్చి చేరుతాయి. స్టూడియో మానిటర్ల తరహా స్పీకర్లలో చాలావాటికి వాల్యూమ్ నాబ్ వెనకవైపు, ఒక్కో స్పీకరుకు విడిగా ఉంటుంది కాబట్టి, రెండింటినీ ఒకేసారి తగ్గించి పెంచేందుకు చేతికి అందేచోట ఒక నాబ్ కావలసి వస్తుంది. దానికోసం వేరే ప్రీయాంప్ (స్పీకర్లకు వెళ్లే సిగ్నల్ స్థాయిని ముందుగా సర్దే పరికరం) కొనవలసిన అవసరం చాలామందికి లేదు. ఉన్న హెడ్‌ఫోన్ యాంపే ఆ పనిని చక్కగా చేస్తుంది. కలపడం సులభం, నాబ్‌లను సరైన స్థాయిలో కుదుర్చుకోవడంలోనే శ్రద్ధ కావాలి.

హెడ్‌ఫోన్ యాంప్ 16 ఓమ్‌ల నుంచి 300 ఓమ్‌ల దాకా ఉండే హెడ్‌ఫోన్లకు కరెంటు ఇవ్వడానికి తయారైనది. యాక్టివ్ స్పీకరు ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్ కరెంటుకు అది కలిగించే అడ్డు) సాధారణంగా 10,000 ఓమ్‌లు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటుంది, అంటే యాంప్‌కు అది దాదాపు బరువే కాదు. యాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 10 ఓమ్‌లు ఉన్నా, 10,000 ఓమ్‌ల ఇన్‌పుట్ ముందు పోయే వోల్టేజీ వెయ్యో వంతు మాత్రమే. 100 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉన్న వాల్వ్ యాంప్‌తో కూడా నష్టం ఒక శాతం దగ్గరే ఆగుతుంది. అందువల్ల స్వరం మారుతుందేమోనన్న సందేహం అక్కరలేదు. అయితే ఇదంతా సొంత యాంప్లిఫయర్ లోపలే ఉన్న యాక్టివ్ స్పీకర్లకు మాత్రమే వర్తిస్తుంది. 4 ఓమ్‌లు, 8 ఓమ్‌లు అని రాసి ఉన్న పాసివ్ స్పీకర్లను హెడ్‌ఫోన్ జాక్‌కు తగిలించకూడదు. శబ్దం సరిగా రాకపోగా యాంప్ మీద మోయలేని భారం పడుతుంది.

ముందుగా యాంప్ వెనక భాగం చూడాలి. అక్కడ ఒక జత ఆర్‌సీఏ సాకెట్లు ఉంటే అవి ప్రీ అవుట్‌లా, లైన్ అవుట్‌లా అన్నది తేల్చుకోవాలి. ప్రీ అవుట్ అయితే ముందున్న నాబ్ తిప్పితే స్పీకర్ల శబ్దం మారుతుంది. లైన్ అవుట్ అయితే సిగ్నల్ ఎప్పుడూ పూర్తి స్థాయిలోనే వస్తుంది, నాబ్‌కు దానితో సంబంధం ఉండదు. తెలుసుకోవడానికి స్పీకర్ల వాల్యూమ్‌ను బాగా తగ్గించి, మెల్లని పాట పెట్టి, యాంప్ నాబ్‌ను సున్నాకు తిప్పి చూస్తే సరిపోతుంది. జేడీఎస్ ల్యాబ్స్ ఆటమ్ వంటి కొన్ని యాంప్‌లలో హెడ్‌ఫోన్ పిన్ పెట్టగానే వెనక ప్రీ అవుట్ దానంతటదే ఆగిపోతుంది, ఇది రోజువారీ వాడకంలో ఎంతో సుఖం. ప్రీ అవుట్ అసలే లేకపోతే ముందున్న హెడ్‌ఫోన్ జాక్ నుంచే తీసుకోవచ్చు. పైన చెప్పిన లెక్క దానికీ వర్తిస్తుంది.

కేబుల్ విషయానికి వస్తే, మన ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో 3.5 మిల్లీమీటర్ల పిన్‌ను ఈపీ అనీ, 6.35 మిల్లీమీటర్ల లావు పిన్‌ను పీ-38 అనీ అడిగితే వెంటనే అర్థమవుతుంది. యాంప్ వైపు స్టీరియో పిన్ ఒకటి, స్పీకర్ల వైపు విడివిడిగా రెండు పిన్‌లు ఉండాలి: స్పీకర్లకు ఆర్‌సీఏ ఇన్‌పుట్ ఉంటే రెండు ఆర్‌సీఏలు, లావు జాక్ ఉంటే రెండు మోనో పీ-38లు. వేల రూపాయల కేబుల్ అక్కరలేదు, పిన్ వదులు లేకుండా కూర్చుంటే చాలు. స్టీరియో పిన్ ఉన్న మామూలు కేబుల్‌ను నేరుగా ఒక స్పీకరు బ్యాలెన్స్‌డ్ జాక్‌లో (రెండు తీగల సిగ్నళ్ల మధ్య తేడాను మాత్రమే తీసుకునే జాక్‌లో) గుచ్చితే మాత్రం, ఆ స్పీకరు ఎడమ చానెల్‌లోంచి కుడి చానెల్‌ను తీసివేసి మిగిలినదాన్నే వినిపిస్తుంది. రెండు చానెళ్లలో సమానంగా ఉండే గాయకుడి గొంతు మాయమై, చుట్టూ ఉన్న ప్రతిధ్వని మాత్రం మిగులుతుంది. స్పీకరు చెడిపోయిందని దుకాణానికి తీసుకుపోయే ముందు ఇది చూసుకోవాలి. అలాగే మోనో (రెండు చానెళ్లూ కలిసిన ఒకే శబ్దం) కోసమని ఎడమ, కుడి తీగలను ఒకదానికొకటి ముడివేయకూడదు, అప్పుడు రెండు చానెళ్ల అవుట్‌పుట్‌లు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి.

4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ జాక్ ఉన్న యాంప్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అందులో ఒక్కో చానెల్‌కు ప్లస్, మైనస్ రెండూ సిగ్నల్ మోసే తీగలే. వాటిని రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్‌లకు (మూడు పిన్‌లు ఉండే గుండ్రని ప్లగ్‌లకు) కలిపే కేబుల్ వాడవచ్చు, ఒక్కో ప్లగ్‌లో 2వ పిన్‌కు ప్లస్, 3వ పిన్‌కు మైనస్ వెళ్లాలి. ఆర్‌సీఏకు మార్చే కేబుల్ మాత్రం వాడకూడదు, ఎందుకంటే మైనస్ తీగ గ్రౌండ్‌కు తగిలి యాంప్‌లో సగభాగం షార్ట్ అవుతుంది.

ఇక అసలు పని నాబ్‌లది. చాలా డాక్‌ల (కంప్యూటర్ డిజిటల్ సిగ్నల్‌ను అనలాగ్ సిగ్నల్‌గా మార్చి యాంప్‌కు ఇచ్చే పరికరాల) పూర్తి అవుట్‌పుట్ 2 వోల్టుల దగ్గర ఉంటుంది. యాంప్‌లో 2.5 రెట్ల గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) పెట్టినా అది 5 వోల్టులు అవుతుంది. స్పీకర్లు ఎదురుచూసే ప్రమాణ స్థాయి దానికన్నా చాలా తక్కువ: ఇంటి పరికరాల మైనస్ 10 డీబీవీ అంటే సుమారు 0.32 వోల్టులు, స్టూడియో పరికరాల ప్లస్ 4 డీబీయూ అంటే సుమారు 1.23 వోల్టులు. అందుకే స్పీకరు వాల్యూమ్ పూర్తిగా పెంచి ఉన్నప్పుడు యాంప్ నాబ్ కొద్దిగా కదిలితేనే గది మార్మోగిపోతుంది. నాబ్ మొదటి భాగంలో మామూలు వాల్యూమ్ కంట్రోల్‌కు ఎడమ, కుడి చానెళ్లు సమానంగా ఉండవు కాబట్టి అక్కడ వింటే గొంతు ఒక పక్కకు ఒరుగుతుంది. పైగా యాంప్ నుంచి వచ్చే స్వల్పమైన సరసర శబ్దాన్ని స్పీకరు పెంచి చూపిస్తుంది.

కాబట్టి గెయిన్ స్విచ్‌ను తక్కువకు పెట్టాలి. కంప్యూటర్ వాల్యూమ్ పూర్తిగా పెంచాలి. స్పీకర్ల వెనక నాబ్‌లు రెండింటినీ కనిష్ఠానికి తిప్పాలి. తర్వాత యాంప్ నాబ్‌ను గడియారంలో ఒంటిగంట చూపే చోటికి తెచ్చి, బాగా తెలిసిన పాట పెట్టి, మీరు ఎప్పుడైనా వినదలచుకునే అతి పెద్ద శబ్దం వచ్చేవరకు స్పీకర్ల నాబ్‌లను సమానంగా, కొద్దికొద్దిగా పెంచాలి. అక్కడితో వాటిని వదిలేసి, ఇకమీదట యాంప్ నాబ్‌నే వాడాలి. సున్నితత్వం మార్చే స్విచ్ ఉన్న స్పీకర్లలో ప్లస్ 4ను ఎంచుకుంటే ఈ పని మరింత సులభమవుతుంది. రెండు స్పీకర్లు సమానంగా ఉన్నాయో లేదో తెలియడానికి పాత ఒగ్గు కథ రికార్డింగ్ వంటి మోనో శబ్దం అన్నిటికన్నా మంచిది: కథకుడి గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ నుంచి రావాలి, డోలు దెబ్బ ఏ పక్కకూ జరగకూడదు.

స్విచ్‌లు వేసేటప్పుడు ముందు డాక్, తర్వాత యాంప్, చివర స్పీకర్లు. ఆపేటప్పుడు ముందు స్పీకర్లు. ఈ క్రమం తప్పితే యాంప్ వేసిన క్షణంలో స్పీకర్లలో ధన్‌మని దెబ్బ వినిపించవచ్చు.

గుయ్‌మనే హమ్ వస్తే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడాలి. శబ్దం ఆగిపోతే చార్జర్ ఎర్తు, స్పీకర్ల ఎర్తు కలిసి ఒక వలయం ఏర్పడిందని అనుకోవచ్చు. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చడం మొదటి మందు. అప్పటికీ పోకపోతే కంప్యూటర్‌కు, డాక్‌కు మధ్య ఆప్టికల్ కేబుల్ వాడవచ్చు, అందులో వెలుగు మాత్రమే ప్రయాణిస్తుంది కాబట్టి ఆ దారిలో ఎర్తు కలవదు. లేదా సిగ్నల్ తీగ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టవచ్చు. మూడు పిన్‌ల ప్లగ్‌లో ఎర్తు పిన్‌ను విరిచేయడం మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దు, అది ప్రాణాపాయం. పాత ఇళ్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉన్నా దాని వెనక ఎర్తు తీగ లేకపోవచ్చు, ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోవాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే గరగర వస్తుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (శుభ్రమైన కరెంటు ఇవ్వని రకం) అయి ఉండవచ్చు. తప్పు యాంప్‌ది కాదు. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినప్పుడు గరగర మారుతుంటే దాని మూలం ఆ రెగ్యులేటరే. వేసవి చివర ఉరుములు మొదలైనప్పుడు ప్లగ్‌లు పీకేయడం మేలు.

స్పీకర్ల నుంచి హెడ్‌ఫోన్‌కు మారే ప్రతిసారీ ముందుగా నాబ్ తగ్గించాలి, స్పీకర్లకు చాలిన స్థాయి చెవికి అతుక్కుని ఉండే హెడ్‌ఫోన్‌కు ప్రమాదకరంగా ఎక్కువ కావచ్చు. టీవీ, కంప్యూటర్, రికార్డ్ ప్లేయర్ వంటి రెండు మూడు పరికరాల మధ్య మారవలసినవారికీ, మంచం మీది నుంచి రిమోట్‌తో వాల్యూమ్ మార్చాలనుకునేవారికీ ఈ పద్ధతి సరిపోదు. వారికి విడి ప్రీయాంపే తగినది. సబ్‌వూఫర్ (లోతైన శబ్దాల కోసం విడిగా ఉండే స్పీకరు) ఒక్కటే చేరుతుంటే, దానికి స్పీకర్ల వైపు అవుట్‌పుట్‌లు ఉన్నది చూసుకుని యాంప్‌కు, స్పీకర్లకు మధ్యలో కలిపితే హెడ్‌ఫోన్ యాంప్‌తోనే పని సాగుతుంది.